ఉతికితే చెరిగిపోయే సాక్ష్యం

అటక మీది ట్రంకు పెట్టె దించి మూత తీయగానే కలరా ఉండల వాసనతో పాటు ఒక ఖాకీ కోటు బయటపడుతుంది. తాతగారిదో, ఆయన అన్నగారిదో. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన ఆఫీసరుగా పనిచేశారని ఇంట్లో అందరికీ తెలుసు, అంతకుమించి ఎవరికీ తెలియదు. కోటు కనబడగానే దులుపుతారు. తర్వాత ఉతుకుతారు, లేకపోతే డ్రైక్లీనింగుకు ఇస్తారు. ఇత్తడి గుండీలను చింతపండుతో తళతళలాడేలా తోముతారు. హోదా, పటాలం గుర్తుల బిళ్లలు ఊడిపోయిన చోట ఆన్‌లైన్‌లో కొన్న కొత్త బిళ్లలు కుట్టించి, ఇస్త్రీ చేయించి, అద్దాల పెట్టెలో వేలాడదీస్తారు. అన్నీ ప్రేమతో చేసే పనులే. కానీ ఆ కోటు ఏ ఏడాది, ఏ రంగంలో, ఏ హోదా మనిషి ఒంటి మీద ఉందో చెప్పగల ఆనవాళ్లు చాలావరకు ఆ ఒక్క వారంలోనే పోతాయి.

పాత దస్తావేజు మీద సిరా వెలిసిపోయిందని ఎవరూ దాన్ని సబ్బునీళ్లలో ముంచరు. యూనిఫాంను మాత్రం బట్టగానే చూస్తాం, బట్ట కాబట్టి ఉతుకుతాం. అందుకే ఈ పనిలో వరుస ముఖ్యం. ముందు చదవాలి, ఫొటోలు తీయాలి, రాసిపెట్టుకోవాలి. శుభ్రం చేయడం ఆ తర్వాతి మాట, అదీ చాలా తక్కువగా.

చదవడం కోటు లోపలి నుంచి మొదలవుతుంది. మామూలు సిపాయికి బట్టలు సర్కారు ఇచ్చేది. వాటి లోపల సైజు, తయారీదారు పేరు, సంవత్సరం ముద్రించిన చీటీయో, సర్కారీ సొత్తని తెలిపే బాణం గుర్తు ముద్రో ఉంటుంది. అధికారి పద్ధతి వేరు. భత్యం తీసుకుని, తన కొలతలతో, తనకు నచ్చిన దర్జీ దగ్గర కుట్టించుకునేవాడు. లండన్‌లో చదువుకున్నవాడైతే అక్కడి దుకాణంలో, ఇక్కడివాడైతే కలకత్తా, పూనా, డెహ్రాడూన్, రావల్పిండిలలోని మిలిటరీ దర్జీల దగ్గర. అధికారి కోటులో లోపలి జేబు పైఅంచున, అస్తరు మీద, దర్జీ దుకాణం చీటీ కోసం వెతకాలి. దాని మీద సొంతదారు పేరు, కుట్టిన తేదీ చేత్తో రాసి ఉండటం పరిపాటి. ఆ ఒక్క చీటీ దొరికితే సగం పరిశోధన అయిపోయినట్టే. ఉతికిన కోటులో ఆ సిరా అలికిపోయిన మరకగా మిగులుతుంది.

యుద్ధం ముదిరేకొద్దీ ఈ తేడా కొంత పలచబడింది. 1939లో దాదాపు రెండు లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి సుమారు 25 లక్షలకు పెరిగింది. భారతీయ అధికారుల సంఖ్య కొన్ని వందల నుంచి ఎనిమిది వేలు దాటింది. 1932లో మొదలైన డెహ్రాడూన్ అకాడమీ ఒక్కటే చాలక బెంగళూరు, బెల్గాం, మౌలలో శిక్షణ కేంద్రాలు తెరిచి, ఎమర్జెన్సీ కమిషన్ (అత్యవసర అధికారి నియామకం) పేరుతో యువకులను తీసుకున్నారు. తర్వాతి కాలంలో భారత సైన్యాధిపతి అయిన తెలుగువారు కె.వి. కృష్ణారావు 1942 ఆగస్టులో కమిషన్ పొంది మహర్ రెజిమెంట్‌లో చేరిందీ ఆ రోజుల్లోనే. ఇలా వచ్చిన కుర్ర అధికారుల్లో చాలామంది యుద్ధరంగంలో సర్కారు ఇచ్చిన బట్టనే దర్జీ చేత కాస్త మార్పించుకుని తొడిగేవారు. దీనికి మంచి ఉదాహరణ బ్యాటిల్‌డ్రెస్ అనే ఉన్ని పొట్టి కోటు. సిపాయిది మెడ దాకా గుండీ పెట్టే రకం. అధికారి చొక్కా, టై కనబడేలా కాలరు విప్పి తొడుక్కోవాలి. అందుకని కాలరు మడత లోపలి వైపు మరో గుడ్డ వేసి కుట్టించేవాడు. కాలరు వెనక్కి తిప్పి చూస్తే ఆ అతుకు కనిపిస్తుంది. రంగు కొద్దిగా తేడాగా ఉన్న ఆ గుడ్డ ముక్కను చూసి ‘ఎవరో రిపేరు చేశారు’ అనుకుని పీకేసేవాళ్లూ ఉంటారు. అది పోతే ఆ కోటు అధికారిదని చెప్పే రుజువు పోయినట్టే.

భుజం పట్టీలు చదివే విద్య ఇంకా ఆసక్తికరం. ఒక నక్షత్రం సెకండ్ లెఫ్టినెంట్, రెండు లెఫ్టినెంట్, మూడు కెప్టెన్. కిరీటం ఒక్కటే ఉంటే మేజర్, కిరీటం కింద నక్షత్రం ఉంటే లెఫ్టినెంట్ కల్నల్. బిళ్లలు ఊడిపోయినా వాటి గుర్తులు పోవు. బిళ్ల కింద ఎండ తగలని చోట ఖాకీ ముదురుగా ఉంటుంది, చుట్టూ వెలిసిపోతుంది. దాని కాళ్లు దిగిన కన్నాలు, కుట్టిన దారపు తునకలు మిగిలి ఉంటాయి. ఏటవాలు వెలుతురులో, అంటే టార్చిలైటును పక్కనుంచి పడేలా పట్టి చూస్తే, పట్టీ మీద రెండు జతల కన్నాలు ఒకదాని మీద ఒకటి కనబడవచ్చు. లెఫ్టినెంటుగా వెళ్లినవాడు అదే కోటులో కెప్టెన్ అయ్యాడని అర్థం. ఈ నీడలు కంటికి ఆనేది చుట్టూ ఉన్న బట్ట వెలిసిపోవడం వల్లే. రంగు వేయించి ‘కొత్తగా’ చేస్తే నీడ మాయమవుతుంది.

1950 జనవరి 26న మన సైన్యపు కిరీటాలు పోయి అశోక స్తంభపు సింహాలు వచ్చాయి, నక్షత్రం ఆకారమూ మారింది. అంతకు ముందు బ్రిటిష్ నక్షత్రం మీద లాటిన్ అక్షరాలు ఉండేవి. యుద్ధకాలంలో కుట్టించిన కోటు మీద సింహం బిళ్ల ఉండి, దాని కింద కిరీటపు నీడ ఉంటే ఆ మనిషి రెండు రాజ్యాలకు అదే కోటుతో సెల్యూట్ కొట్టాడన్నమాట. ఇలాంటి కోటు దొరికినప్పుడు సింహం తీసేసి కిరీటం పెట్టి ‘అసలు రూపానికి’ తేవాలనే ఉబలాటం కలుగుతుంది. ఆ రెండూ అసలు రూపాలే, చివరిది తీసేసే హక్కు మనకు లేదు.

టోపీ బిళ్లలు కూడా ఇలాగే కాలం చెబుతాయి. 1941లో బెల్గాంలో ఏర్పడ్డ మహర్ రెజిమెంట్ మొదటి బిళ్ల మీద కోరేగావ్ విజయస్తంభం ఉండేది. 1946లో దాన్ని మెషిన్‌గన్ రెజిమెంటుగా మార్చినప్పుడు రెండు వికర్స్ మెషిన్‌గన్‌లు అడ్డంగా వచ్చి చేరాయి. తరువాత స్తంభం పోయి కటారి వచ్చింది. కటారి ఉన్న బిళ్లను 1943 నాటి టోపీకి గుచ్చి ‘బర్మా యుద్ధంలో తొడిగింది’ అంటే తెలిసినవాళ్లు నవ్వుతారు.

ఇక రొమ్ము మీది రిబ్బన్లు. పతకం చేతికి రాకముందే రిబ్బన్ కుట్టుకునే అనుమతి వచ్చేది కాబట్టి, రిబ్బన్ల వరుస ఆ కోటును చివరిగా ఎప్పుడు తొడిగారో పట్టిస్తుంది. ఆఫ్రికా స్టార్ అనే పతకం 1943లో ఏర్పాటైంది. ఇసుక రంగు రిబ్బన్ నడుమ ఎర్రపట్టీ, ఒకవైపు ముదురు నీలం, మరోవైపు లేత నీలం. బర్మా స్టార్, ఇటలీ స్టార్ 1945 మే నాటివి. బర్మాది నడుమ ఎరుపు, ఇరుపక్కలా ముదురు నీలం, ఆ నీలం మధ్య నారింజ గీత. ఇటలీది ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ. ఇండియా సర్వీస్ మెడల్ 1946లో గానీ రాలేదు. కనుక బర్మా స్టార్ రిబ్బన్ కుట్టి ఉన్న కోటును ‘1944లో కోహిమా పోరాటంలో తొడిగిన కోటు’ అనడానికి ముందు ఆలోచించాలి. కోహిమాలో తొడిగి ఉండవచ్చు, కానీ రిబ్బన్ అతికింది ఆ తర్వాత దాదాపు ఏడాది గడిచాకే. అసలు అడవిలో ఆ కోటు తొడిగారా అన్నదీ అడగాలి. 1942లో బర్మా నుంచి వెనక్కి నడిచి వచ్చిన సైన్యానికి పచ్చని అడవిలో ఖాకీ ఎంత కొట్టొచ్చినట్టు కనబడుతుందో అర్థమైంది. తర్వాత ఖాకీ చొక్కాలను ఆకుపచ్చ రంగులో ముంచారు, కొత్తవి ఆకుపచ్చ బట్టతోనే కుట్టారు. ముంచిన చొక్కా అయితే కుట్టు లోపలి మడతల్లో పాత ఖాకీ తొంగిచూడవచ్చు. ఇంటికి చేరి ట్రంకు పెట్టెలో మిగిలేది ఎక్కువగా కవాతులకు, విందులకు తొడిగిన మంచి కోటు. బురదలో చివికిన చొక్కాను ఎవరు దాస్తారు?

భుజాల కింద చేతి మీద కుట్టిన డివిజన్ గుర్తులు మరో ఆధారం. నాలుగో ఇండియన్ డివిజన్‌ది ఎర్ర గద్ద, అయిదోది ఎర్రని అగ్నిగోళం, ఏడోది బంగారు బాణం, ఇరవై మూడోది ఎర్ర కోడిపుంజు. పదిహేడో డివిజన్ మొదట మెరుపు గీత పెట్టుకుని, బర్మా వెనుకంజ తర్వాత నల్లపిల్లికి మారింది. ఈ గుడ్డ బిళ్లల్లో చాలావాటిని ఎక్కడికక్కడ దర్జీలే కుట్టేవారు. అందువల్ల ఒకే గద్ద పది రకాల ముక్కులతో కనిపిస్తుంది. అచ్చుగుద్దినట్టు ఒకేలా, మరీ నున్నగా ఉన్న బిళ్ల మీదే అనుమానం ఎక్కువ రావాలి.

తెలుగు ఇళ్లలో ఎక్కువగా పొరబడే చోటు ఒకటుంది. భుజం మీద ‘హైదరాబాద్’ అని ఇత్తడి అక్షరాలు కనబడగానే అది నిజాం సైనికుడి కోటని తేల్చేస్తారు. అలా కాకపోవడానికే అవకాశం ఎక్కువ. 19వ హైదరాబాద్ రెజిమెంట్ బ్రిటిష్ ఇండియా సైన్యంలోది. ఒకప్పుడు నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారులు నడిపిన హైదరాబాద్ కాంటింజెంట్ దాని పూర్వరూపం కాబట్టి పేరు మిగిలింది. యుద్ధం నాటికి అందులో ఉన్నది ప్రధానంగా కుమావోనీలు, జాట్లు, అహీర్లు. 1945 అక్టోబరు 27న దాని పేరే కుమావోన్ రెజిమెంట్‌గా మారింది. తర్వాత భారత సైన్యాధిపతి అయిన, కొడగుకు చెందిన కె.ఎస్. తిమ్మయ్య ఈ రెజిమెంటు అధికారే. 1945లో బర్మా పడమటి తీరాన అరకాన్ పోరులో దాని ఎనిమిదో బెటాలియన్‌ను నడిపారు. నిజాం సొంత సైన్యం వేరు. అది సంస్థానాల దళాల కిందికి వస్తుంది, దాని బెటాలియన్ పేరు ‘ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ’. చిక్కేమిటంటే 1941 డిసెంబరులో జపాన్ మలయా మీద పడినప్పుడు ఈ రెండూ అక్కడే ఉన్నాయి. కోటా భారు విమానాశ్రయం దగ్గర నిజాం దళం, పన్నెండో బ్రిగేడ్‌లో 19వ హైదరాబాద్ రెజిమెంటు నాలుగో బెటాలియన్. ‘మా తాత హైదరాబాద్ పటాలంలో మలయా వెళ్లాడు’ అన్న మాట ఈ రెంటిలో దేనికైనా సరిపోతుంది. అక్షరాల ముందు అంకె ఉందా, బిళ్ల మీద నిజాం చిహ్నం ఉందా అన్నదే దారి చూపాలి. పైగా బ్రిటిష్ వైమానిక దళంలోనూ హైదరాబాద్ పేరున్న స్క్వాడ్రన్లు ఉన్నాయి. నిజాం విరాళాలకు గుర్తుగా వచ్చిన పేర్లవి.

‘ఆఫీసరు’ అన్న మాటనూ కొంచెం నిలదీయాలి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరంలాంటి సైనిక గ్రామాల్లో తరతరాలుగా సైన్యానికి వెళ్లిన కుటుంబాలున్నాయి. అక్కడ జమేదారు, సుబేదారు అయినవాళ్లను గౌరవంగా ఆఫీసరుగారే అంటారు. వాళ్లకు వైస్రాయ్ కమిషన్ ఉండేది, అంటే సిపాయికీ పూర్తి అధికారికీ మధ్య హోదా. జమేదారుకు ఒక నక్షత్రం, సుబేదారుకు రెండు. సెకండ్ లెఫ్టినెంట్, లెఫ్టినెంట్ల లెక్క కూడా అదే. నక్షత్రాల లెక్క ఒక్కటే చూస్తే తేడా పట్టుకోలేం. సుబేదారు అని తేలితే ఇంట్లోవాళ్లు చిన్నబుచ్చుకోవాల్సిన పనేమీ లేదు. ఇరవై ఏళ్ల కుర్ర లెఫ్టినెంటు కంటే ఇరవై ఏళ్లు సేవ చేసిన సుబేదారు మాటకే పటాలంలో బరువెక్కువ.

బట్ట చెప్పినదాన్ని కాగితంతో సరిచూడాలి. కమిషన్లు, పదోన్నతులు, శౌర్య పురస్కారాలకు లండన్ గెజిట్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పేరుతో వెతికేటప్పుడు మన ఇంటిపేర్లను ఆంగ్ల లిపిలో ఎన్ని రకాలుగా పాడుచేయవచ్చో అన్ని రకాలుగానూ వెతకాలి. ఇండియన్ ఆర్మీ లిస్ట్ అనే సంపుటాల్లో అధికారుల పేర్లు రెజిమెంట్ల వారీగా ఉంటాయి. బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఇండియన్ ఆర్మీ అధికారుల సర్వీసు ఫైళ్ల శ్రేణి ఒకటుంది. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో బెటాలియన్ల యుద్ధ దినచర్యలు, పతకాలకు చేసిన సిఫారసులు ఉన్నాయి. ఆగ్నేయాసియా రంగపు దినచర్యలు డబ్ల్యూఓ (వార్ ఆఫీస్) 172 శ్రేణిలో, సిఫారసులు డబ్ల్యూఓ 373లో వెతకాలి. ఢిల్లీలో రక్షణ శాఖ హిస్టరీ డివిజన్, యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ ఉన్నాయి. ఇంట్లో ఉన్న పాత గ్రూపు ఫొటోను మాత్రం అన్నింటికంటే ముందు చూడాలి. దాని వెనక ఏ స్టూడియో ముద్ర ఉంది, పక్కన నిలబడ్డవాళ్ల భుజాల మీద ఏముంది అన్నవి కోటు కంటే ఎక్కువ చెప్పిన సందర్భాలుంటాయి.

నకిలీల సంగతి ఒక్క మాటలో. అతినీలలోహిత టార్చి పెడితే ఈ కాలపు దారం నీలంగా మెరుస్తుంది, యుద్ధకాలపు దారం మెరవదు. బిళ్ల చుట్టూ కుట్టు మెరిస్తే అది తర్వాత కుట్టినదని సంకేతం. కానీ 1950ల తర్వాత సబ్బుపొడుల్లోనూ తెల్లదనం కోసం ఇదే రసాయనం వచ్చింది. ఒక్కసారి సబ్బుపొడితో ఉతికితే అసలు కోటు కూడా మెరిసి నకిలీలా కనిపిస్తుంది.

దాచడం విషయానికొస్తే మన వాతావరణమే పెద్ద శత్రువు. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది. కోస్తాలో అది ఎప్పుడూ ఉండేదే. బూజు తర్వాతి శత్రువు చిమ్మట. ఎగిరే చిమ్మట ఏమీ తినదు, దాని పిల్ల పురుగే ఉన్నిని కొరుకుతుంది. చీకటి, చెమట మరక, కదలిక లేని మడత దానికి ఇష్టం. ఉన్ని కోటు కాలరు కింద, చంకల్లో ముందు కన్నాలు పడేది అందుకే. నూలు ఖాకీకి చిమ్మట భయం తక్కువ. కానీ గంజి పెట్టి దాచిన నిక్కరు, చొక్కా సిల్వర్ ఫిష్‌లకు పాయసం లాంటివి.

మన ఇళ్లలో దీనికి మందు కలరా ఉండలు. ఇక్కడ కొంచెం గట్టిగానే చెప్పాలి. నాఫ్తలీన్ ఆవిరి ప్లాస్టిక్ గుండీలను మెత్తబరుస్తుంది, బట్ట మీద మళ్లీ స్ఫటికాలుగా పేరుకుంటుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న పసిపిల్లల్లో ఆ వాసన తగిలిన బట్టలు ఎర్ర రక్తకణాలను విరిచేసి కామెర్లు తెప్పించగలవు. వేపాకు మంచిదేగానీ ఆకు నేరుగా తగిలితే మరక పడుతుంది. సురక్షితమైన ఉపాయం చలి. కోటును పలచని గుడ్డలో చుట్టి, పాలిథిన్ సంచిలో గాలి తీసేసి మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే పురుగులు, గుడ్లు చస్తాయి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు. విప్పితే గాలిలోని తేమ చల్లని బట్ట మీద నీరై కూర్చుంటుంది. తోలు, రంగు వేసిన భాగాలు ఉన్నవాటిని ఇలా పెట్టకూడదు.

శుభ్రం చేయడమంటే దుమ్ము తీయడం వరకే. వాక్యూమ్ క్లీనర్‌ను అతి తక్కువ వేగంలో పెట్టి, బట్టకూ గొట్టానికీ మధ్య దోమతెర గుడ్డ అడ్డం పెట్టి, మెత్తని బ్రష్‌తో నెమ్మదిగా తుడవాలి. దానికంటే ముందు జేబులు చూడాలి. అడుగున చేరిన పొగాకు పొడి, రైలు టిక్కెట్టు ముక్క, అగ్గిపుల్ల, ఏదైనా విడిగా కవరులో పెట్టి ఏ జేబులో దొరికిందో రాయాలి. మరకలను ముట్టుకోవద్దు. నీళ్లు తగిలితే రిబ్బన్ రంగులు ఖాకీలోకి దిగుతాయి, ఉన్ని ముడుచుకుంటుంది.

ఇత్తడి గుండీలను తోమవద్దంటే ఎవరికీ మింగుడుపడదు. సైన్యంలో రోజూ తోమేవారు కదా అంటారు. తోమేవారు, అందుకే కొన్ని గుండీల మీద రెజిమెంటు గుర్తు సగం అరిగిపోయింది. ఆ అరుగుదల కూడా ఒక సమాచారమే, దాన్ని మనం పెంచక్కర్లేదు. పాలిష్ గుండీ అంచున ఇరుక్కుని తెల్లగా, తర్వాత పచ్చగా గడ్డకట్టి చుట్టూ ఉన్న బట్టను తింటుంది. తోలు నడుంపట్టీ మీద ఇత్తడి కొక్కేల చుట్టూ మైనంలా పచ్చని చిలుము చేరడం చాలాచోట్ల చూస్తాం. తోలులోని కొవ్వు, రాగి కలిసి చేసే పని అది. వెదురు పుల్లతో మెల్లగా గీకి, లోహానికీ తోలుకూ మధ్య పలచని పాలిస్టర్ షీటు పెడితే చాలు. తోలు ఎండిందని నూనె రాయకూడదు. కొంతకాలానికి అది మరింత నల్లబడి, దుమ్ము పట్టి, బంకలా మారుతుంది. పట్టుకున్నప్పుడు చేతికి ఎర్రపొడి అంటుకుంటే తోలు లోపలే కుళ్లిపోయిందని అర్థం. దాన్ని బాగుచేయలేం, కదపకుండా ఉంచడమే వైద్యం.

కోటును హ్యాంగరుకు తగిలిస్తే దాని బరువంతా భుజాల కుట్ల మీద పడుతుంది. పరుపులా చదునుగా పడుకోబెట్టాలి. మడత తప్పకపోతే ఆ మడతలో మెత్తని చుట్ట పెట్టాలి. ఆమ్లం లేని కాగితం దొరికితే సరే. దొరక్కపోతే ఉతికి ఉతికి మెత్తబడిన, గంజి లేని, రంగు అంచు లేని తెల్ల పంచె పనికొస్తుంది. టేకు పెట్టె ఆమ్లపు ఆవిర్లు వదులుతుంది, ఇనుప ట్రంకు తుప్పు పడుతుంది. దేనిలో పెట్టినా లోపలంతా గుడ్డ పరచాలి. బీరువాను బయటి గోడకు ఆనించి ఉంచకూడదు. వానాకాలం ముందు, తర్వాత తెరిచి చూడాలి, ఎండలో ఆరవేయకుండా. ప్రదర్శనకు పెట్టాలనుకుంటే మ్యూజియంలు పాటించే 50 లక్స్ వెలుతురు హద్దు గుర్తుంచుకోవాలి. మన హాలులో కిటికీ పక్కన పగటి వెలుతురు దానికి ఎన్నో రెట్లు.

చిమ్మట కన్నాలను రఫ్ఫు చేయించవద్దు. కొత్త బిళ్లలు కొనే ముచ్చట ఆపుకోలేకపోతే, అవి కోటుకు తగలకుండా పక్కన మరో పలక మీద ‘ఇవి కొన్నవి’ అని రాసి పెట్టవచ్చు. ఏ మ్యూజియానికైనా ఇచ్చే ఆలోచన ఉంటే కోటుతో పాటు కాగితం కూడా వెళ్లాలి. పేరు, ఊరు, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, ఏయే ఆనవాళ్లు ఎక్కడ కనిపించాయి. ఆ వివరాలకు ఒక నంబరు ఇచ్చి, అదే నంబరును తెల్లని నూలు నాడా మీద పెన్సిల్‌తో రాసి, లోపలి కుట్టుకు రెండు వదులు కుట్లతో తగిలించాలి. ‘ఇది బర్మాలో తొడిగిన కోటు’ అని ఇంట్లో పెద్దావిడ చెప్పిన మాటనూ ఆ కాగితంలో చేర్చాలి. రిబ్బన్లు చెప్పేది వేరే అయినా సరే, ఆమె పేరుతో, చెప్పిన తేదీతో, ఆమె మాటల్లోనే.